ఖాళీ బండి బరువు

టెక్కలి బయట, క్వారీ దారిలో
కాటా గది నా ఉద్యోగం.
ఖాళీగా ఎక్కిన లారీ ఒక అంకె చెబుతుంది,
నీలిరాయి మోసుకొచ్చి ఇంకో అంకె.
దీంట్లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది రాయి.
పదకొండేళ్ళుగా తీసివేతలే నా జీతం.

జీతం ఒకటో తారీఖున. బిల్లు పదిహేడున.
మధ్యలో తేలినీలాపురం.

చింతచెట్ల మీద కొంగలు దిగే నెలల్లో
డ్యూటీ అయ్యాక బండి అటే తిరుగుతుంది, నేను తిప్పకపోయినా.
ఎర్రకాళ్ళ కొంగ పుల్ల కరుచుకొచ్చి
జత ముక్కుకి అందిస్తుంది చూడండి,
ఆ ఒక్క రెప్పపాటుకి
అరవై ఎనిమిది వేల లెన్సు.
కార్డు గీసినప్పుడు చెయ్యి వణకలేదు.
లెన్సు పెట్టె విప్పినప్పుడు వణికింది.

కనీస చెల్లింపు అని రాస్తారు బిల్లు మీద.
‘కనీసం’లో ఎంత మర్యాద!
కనీసం టీ చుక్కయినా తాగెళ్ళండి అన్నట్టు.
పద్నాలుగు నెల్లు ఆ మర్యాద తీర్చుకున్నాను.
అసలు మాత్రం
మందు పెట్టినా పగలని బండలా అక్కడే కూర్చుంది.

పోస్టాఫీసులో నెలకి రెండు వేలు ఏనాడూ తప్పలేదు.
తిత్లీ వచ్చిన రాత్రి
మందస దగ్గర మా జీడితోట
తెల్లారేసరికి వేళ్ళు ఆకాశానికి చూపిస్తూ పడుకుంది.
అప్పట్నుంచి మా ఇంట్లో డబ్బంటే
గాలికి ఎగరనిది.
పాస్‌బుక్కు బియ్యం డబ్బాలో ఉంటుంది.
దాన్ని ముట్టుకోవడమంటే
ఇంకో తుపానుని పేరు పెట్టి పిలవడమే.

జాకెట్టు కొలతల కాగితం వెనక
దమయంతి లెక్క వేసింది.
“ఇటుపక్క నూటికి ఆరొస్తన్నాయి, అటుపక్క నలభైరెండు పోతన్నాయి.
ఇదేటి పొదుపు? చిల్లుకుండకి ముగ్గెట్టినట్టుంది.”
“లెన్సు అమ్మెయ్యమంటావా?”
“నానలాగన్నానా? కాటా బాబువి గదా,
సరిగ్గా తూయమన్నాను.”

మా కాటాకి ఇరవై కిలోల లోపు లోకం తెలీదు.
కొంగ వచ్చి వాలినా సున్నాయే.
రాత్రి డ్యూటీలో ఓసారి లెన్సు పెట్టి చూశాను. సున్నా.
ఎంత హాయి వేసిందో!
బేంకు కాటా వేరు.
పైసా ఊపిరి పీల్చినా దానికి వినబడుతుంది,
ఆదివారం కూడా.

“గడువుకి ఏడాదిన్నరుంది బాబూ, వడ్డీ పోద్ది” అన్నారు
కౌంటర్ వెనక కూర్మారావుగారు.
“ఇంకోచోట రోజూ పోతోందండి.”
సంతకం రెండుసార్లు తప్పాను.
చెవిలో జీడాకుల చప్పుడు.

కార్డు తీర్చేశాక ఇరవై మూడు వేల చిల్లర మిగిలింది,
తుపానుకి చాలదు, చినుకుకి చాలు.
మళ్ళీ కొత్త పాస్‌బుక్కు, మళ్ళీ రెండు వేలు.
ఆపైన నెలకి ఏడొందలు కొంగలకి,
పెట్రోలూ, చెట్టు కింద టీ కలుపుకుని.

“మరి నాకో?” అంది దమయంతి.
ఆమెకి క్యారమ్‌బోర్డు కావాలట.
స్కూల్లో ఉన్నప్పుడు జిల్లాకి ఆడిందట.
తొమ్మిదేళ్ళ కాపురంలో
నేనెప్పుడూ తూకం వెయ్యని అంకె.
స్ట్రైకర్ పదిహేను గ్రాములు,
మా కాటాకి అదీ సున్నాయే.
మూడు రాత్రులుగా ఓడిపోతున్నాను,
వేళ్ళకి పౌడరు, లెన్సు మీద కూడా కాస్త.

నిన్న ఫోన్లో ట్రైపాడ్ మీద నలభై శాతం తగ్గింపు.
చాలాసేపు చూశాను.
కార్డిప్పుడు బియ్యం డబ్బా అడుగున ఉంది,
తియ్యాలంటే మూడు కుంచాలు దింపాలి.
ఒక కుంచం దింపాను కూడా.
అప్పుడు లోపల్నుంచి దమయంతి,
“ఏటి, తూకమేస్తన్నావా?”