పిల్లలకోడి దాక్కున్న రోజులు

కువైట్‌లో వేసవి వచ్చిందని
గోడమీది క్యాలెండర్ చెప్పదు, కుళాయి చెబుతుంది.
చన్నీళ్ళ కుళాయి చెయ్యి కాల్చిన రోజు
గీజర్ స్విచ్ ఆపేస్తాం.
మిద్దె మీద ట్యాంకు కాచే నీళ్ళు కాగుతూనే ఉంటాయి.
ఆపేసిన గీజర్‌లో రాత్రంతా నిలిచినవి
తెల్లారేసరికి ఒంటికి హాయి.
చలికాలమంతా వేడినీళ్ళిచ్చిన డబ్బానే
ఇప్పుడు మా గదికి కుండ.
కొత్తగా వచ్చిన గంగులప్ప నమ్మలేదు.
ఒక చెంబు నెత్తిన పోసుకున్నాక నమ్మినాడు.

నేను ఏసీలు బాగుచేస్తాను.
జిలీబ్‌లో, ఖైతాన్‌లో, ఫర్వానియాలో
మిద్దెలన్నీ నాకు తెలుసు, ఇళ్ళు తెలియవు.
లోపల ఎవరో దుప్పటి కప్పుకోవడానికి
బయటికి ఊదే వేడి మధ్య కూర్చుని
స్క్రూడ్రైవర్‌ను తడిగుడ్డ చుట్టి పట్టుకుంటాను.
మిట్టమధ్యాహ్నం బయట పని చెయ్యకూడదని రూలుంది,
జూన్ ఒకటి నుంచి.
ఈరోజు మే పద్దెనిమిది.
ఎండకు ఆ తేదీ ఎవరూ చెప్పలేదు.

బూ మిషాల్ ఇంట్లో కంప్రెసర్ ఆగిపోయింది.
వంట చేసే రెడ్డెమ్మది రాయచోటి పక్క.
ముసలాయన వాకిట్లో కుర్చీ వేసుకుని
తస్బీ పూసలు తిప్పుతూ ఆకాశం చూపించి ఏదో అన్నాడు.
"థురయ్యా కనపడదంట అన్నా, నలభై దినాలు.
ఆరేడు చుక్కల గుంపంట.
అది దాక్కున్నప్పుడే సరాయాత్ గాలివాన కొడతాదంట.
ఇరవై అయినాయి, ఇంకా ఇరవై ఉండాయంటాడు."

పానా చేతిలోనే ఉండిపోయింది.
ఆరేడు చుక్కల గుంపు.
మా అవ్వ పిల్లలకోడి అనేది దాన్ని.
ఇప్పుడు కృత్తిక కార్తె కదా,
సూర్యుడు అక్కడే ఉన్నాడు, ఇక చుక్కలెట్లా కనపడతాయి!
గద్ద నెత్తిమీదికొస్తే
పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది కోడి.
సముద్రం దాటి వచ్చినా
ముసలోళ్ళ లెక్క ఒకటే.

సాయంత్రం నాలుగున్నరకు
పడమర ఇటుక రంగు తిరిగింది.
ముందు తోజ్.
ఎదురు బిల్డింగు పోయింది, తర్వాత డిష్ యాంటెన్నాలు,
తర్వాత నా చెయ్యి.
పళ్ళ మధ్య ఇసుక కరకరమంది.
యూనిట్ మూత రెండు చేతులా పట్టుకున్నాను,
అది తెరచాపయి నన్ను పిట్టగోడ వైపు ఈడ్చింది.
మెట్ల తలుపు దగ్గర నుంచి రెడ్డెమ్మ అరుపు:
"ఇడిసిపెట్టన్నా! రేకు పోతే పోనీ, నువ్వు పొయ్యేవు!"
విడిచిపెట్టాను.
రెండు యంత్రాల సందులో బోర్లా పడుకున్నాను.

ఉరిమింది.
మొదట పడినవి చినుకులు కావు, బురద చుక్కలు.
తర్వాత వాన. తర్వాత, నిజం, వడగళ్ళు,
శనగ గింజలంత.
ఒకటి ఏరి నోట్లో వేసుకున్నాను.
దుమ్ము రుచి, ఇనుము రుచి.
దాని కింద ఎక్కడో చల్లదనం.

అంతా కలిపి పన్నెండు నిమిషాలు.

లేచి చూస్తే వీధంతా ఏదో తక్కువైంది.
ఏమిటో తెలియడానికి కొంచెంసేపు పట్టింది.
కరెంటు పోయింది.
ఇక్కడికొచ్చిన తొమ్మిదేళ్ళలో
రాత్రీ పగలూ చెవిలో ఉన్న ఆ హోరు లేదు.
వేల కంప్రెసర్లు నోరు మూసుకున్నాయి.
ఎక్కడో గొట్టంలోంచి నీళ్ళు కారుతున్నాయి.
ఎవరో కిటికీ తెరిచారు. ఇంకెవరో తెరిచారు.
నాలుగో అంతస్తులో ఒక పాప దగ్గింది,
వాళ్ళమ్మ ఏ భాషలోనో ఊరడించింది.
రెడ్డెమ్మ చున్నీతో మొహం తుడుచుకుని
"మన్ను వాసన రాలేదేందన్నా" అంది.
ఇద్దరం గాలి పీల్చి చూశాం.
సిమెంటు వాసన వచ్చింది.

కరెంటు వచ్చింది.
ఒకటి గురగురమంది, పక్కది, దాని పక్కది.
కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

మూత మూడు మిద్దెల అవతల దొరికింది, సొట్టపడి.
ఏడు దినార్లు జీతంలో పట్టుకుంటామన్నాడు సూపర్‌వైజర్ హమ్దీ.
ముసలాయన కిందనుంచి వేళ్ళు చూపించాడు,
రెండు చేతులూ విప్పి, మళ్ళీ విప్పి.
ఇంకా ఇరవై.
తర్వాత కోడి బయటికొస్తుంది,
అసలు ఎండ అప్పుడు మొదలవుతుంది.