నాలుగు మిల్లీమీటర్లు

ట్రంకు రోడ్డు మీద, కళ్ళద్దాల కొట్టుకీ
మందుల కొట్టుకీ నడుమ ఇరుకు అంగడి.
జిలానీ నా ముందు గొంతుకూర్చుని
ఏడో జత విప్పుతున్నాడు.
"ఇది చూడండి టీచరమ్మా, మడమ కింద దూదే దూది.
మబ్బు మీద నడిచినట్టుంటది."

నడిచాను. అద్దం దాకా, మళ్ళీ బెంచీ దాకా.
మబ్బు బాగానే ఉంది గానీ
ఎవరో వెనకనుంచి మెత్తగా తోస్తున్నట్టు,
వేళ్ళన్నీ పోయి బూటు ముక్కులో ఇరుక్కున్నాయి,
సాయంత్రం ఐదింటి కోవూరు బస్సులో
ఫుట్‌బోర్డు మీది జనంలా.

ఇరవై ఆరేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని.
వాలు ఎంతని ఎవరడిగినా
ఎత్తుని పొడవుతో భాగించమంటాను.
సంచీలోంచి స్కేలు తీశాను.
జిలానీ నవ్వు దాచుకోవడానికి
పక్కనున్న డబ్బా మూత సర్దాడు.
మడమ దగ్గర ముప్పై రెండు. మునివేళ్ళ దగ్గర ఇరవై.
పన్నెండు మిల్లీమీటర్లు, అబ్బయ్యా!
చదునైన కోర్టులో నిలబడి కూడా
ఆటయ్యేదాకా నేను గట్టు దిగుతూనే ఉండాల.

నిజానికి తప్పు బూట్లది కాదు.
నేను నాలుగడుగుల పదంగుళాలు.
ఉద్యోగంలో చేరిన రోజు
నల్లబల్ల పై సగం నాకు అందలేదు.
వెనక బెంచీలో ఎవడో
"పొట్టి టీచరు" అన్నాడు, మెల్లగానే.
ఆ ఆదివారమే కొన్నాను, మూడంగుళాల మడమలు.
అవి టకటకమంటే వరండా అంతా సర్దుకునేది.
పిక్కలు రాయైపోయిన సంగతి
రాత్రిపూట వేణ్ణీళ్ళ బకెట్టుకే తెలుసు.

మడమ తిప్పని వాళ్ళని
మనం తెగ మెచ్చుకుంటాం.
ఎముకల డాక్టరు నా మడమని
ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు.
అది తిరగలేదు.
"ఒక్కసారిగా వద్దమ్మా, మెట్టు మెట్టుగా దిగండి" అన్నాడు.
ఏడాదిన్నరగా దిగుతున్నాను.

టెన్నిసుకి వచ్చింది యాభై ఒకటో ఏట.
ఆస్పత్రి హెడ్డునర్సు పెంచలరత్నం లాక్కొచ్చింది.
"రొంతసేపు బంతి కొడదాం రావే,
ఎండుచేప తింటే తగ్గేదా నీ బీపీ?"
పొద్దున ఆరుకి మేం వెళ్ళేసరికి
మస్తానయ్య ఎర్రమట్టి మీద నీళ్ళు చల్లి ఉంటాడు.
చెప్పుల్లేని కాళ్ళు ఆయనవి.
నెట్టు కట్టి ఆయన నడిచిపోయిన దారిలో
ప్రతి అడుగూ పూర్తిగా పడి ఉంటుంది,
మడమ ఎంత లోతో వేళ్ళూ అంతే లోతు.
పక్కనే నావి.
ముందు గుంట. వెనక ఏమీ లేదు.
సగం మనిషి ఎవరో వచ్చి ఆడిపోయినట్టు.

"తక్కువ మడమది ఏమైనా ఉందా?"
జిలానీ అటక ఎక్కాడు. దుమ్ము దులిపాడు.
పాత సరుకు, బూడిదరంగు, పసుపు తాళ్ళు,
ఎవరూ ముచ్చటపడి కొనే రంగు కాదు.
స్కేలు పెట్టాను. నాలుగు.
వేళ్ళు ఐదూ విడివిడిగా పడుకున్నాయి,
ఎండాకాలం మిద్దె మీద పిల్లల్లాగ.
"ఎత్తు తగ్గతారు టీచరమ్మా."
అద్దంలో చూస్తే అవును,
ఇందాక నెత్తి మీద కనబడిన గడియారం
ఇంకాస్త పైకి పోయింది.
బేరమాడటం మర్చిపోయాను.

తెల్లారి పెంచలరత్నం నెట్టు దగ్గరే ఆగింది.
"ఏందే, కుంగిపోయినావు?"
ఏం చెప్పను? బంతి ఎగరేశాను.
మొదటి సర్వు నెట్టులో పడింది. రెండోదీ అంతే.
రత్నం పడీపడీ నవ్వుతోంది.
మస్తానయ్య మాత్రం
చీపురు అలాగే పట్టుకుని
బంతిని కాకుండా
నా వెనక మట్టిని చూస్తున్నాడు.