పదిహేడో గొట్టం

పట్టా చేతికొచ్చిన ఏడాది
వేక్‌ఫీల్డ్ గోదాములో రాత్రి షిఫ్టులు చేశాను.
పర్యావరణం చదివానంటే
"అయితే చెట్లు నాటుతావా?" అని నవ్వేవాడు సూపర్‌వైజరు.
ఒక్కో పార్సిలుకీ మూడు పొరల ప్లాస్టిక్ చుడుతూ
నేనూ నవ్వేదాన్ని.
నవ్వినందుకు జీతం కోయరు గదా.

రాసిన దరఖాస్తులు నలభై ఒకటి.
అనుభవం లేదన్నవి ఇరవై.
మిగతావి ఆ మాటైనా అనలేదు.

నలభై రెండోది మార్స్‌డెన్ కొండమీద, ఆర్నెల్ల పని.
బురదలో దిగేసిన ముప్ఫై గొట్టాల్లో
నీళ్లెంత లోతున ఉన్నాయో కొలిచి రాయాలి.
ఆలోచించమని ఎవరూ అడగలేదు.

పీటు నేల గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాశాను.
మోకాలిదాకా దిగబడ్డాక తెలిసింది,
అదొక ఊరగాయ జాడీ అని.
చచ్చిన నాచు కుళ్లడం మానేసి
వేల ఏళ్లుగా నల్లగా, పుల్లగా ఊరుతోంది.
పైన నూనె తేలినంత కాలమే పచ్చడి నిలవ.
ఇక్కడ నూనె పని నీళ్లది.

క్లైవ్ బారక్లఫ్, అరవై దాటిన టెక్నీషియను,
సన్నటి రబ్బరు పైపు చేతిలో పెట్టి "ఊదు" అన్నాడు.
గొట్టంలోకి దించుతూ ఊదాలి.
నీటిని తాకినచోట బుడబుడమంటుంది.
అక్కడ వేలితో నొక్కిపట్టి సెంటీమీటర్లు లెక్కపెట్టాలి.

ఊదుగొట్టం, అనుకున్నాను లోలోపల.
అది పొయ్యిలో నిప్పు రాజేసేది.
ఇది నిప్పుకి కాపలా:
ఈ నీళ్లు జానెడు దిగితే చాలు,
వేసవిలో ఎవరో మరిచిపోయిన పిక్నిక్ కుంపటికి
కొండ కొండంతా
పైకి మంట కనపడకుండా వారాల తరబడి కాలుతుంది.

పదిహేడో గొట్టం మాట వినేది కాదు.
వాన మొహం చాటేసి మిగతావన్నీ అడుగంటుతుంటే
దాన్లో నీళ్లు పైకొచ్చేవి.
నాకు ముందు కొలిచినవాళ్లు
అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు.
ఏడేళ్ల కాగితాల నిండా ఆ కొక్కేలే,
తడి కోట్లు ఎవరూ తగిలించనివి.

"గొర్రె తొక్కి ఉంటుంది" అన్నాడు క్లైవ్.
"ఏడేళ్లు ఒకే గొట్టాన్నా?" అన్నాను.
ఆ మాట నోరు జారాక
ఆదివారాలు నావి కాకుండా పోయాయి.

బస్సు ఛార్జీ సొంతం. శాండ్‌విచ్ సొంతం.
నేలకు చెవి ఆనించి పడుకుంటే
దారిన పోయే ముసలాయన ఒకసారి అంబులెన్సుకి ఫోన్ చేశాడు.
మూడో ఆదివారం వినపడింది,
పక్కగదిలో కుళాయి కట్టడం మరిచిపోయినట్టు
పీటు లోపల నీళ్లు నడుస్తున్న చప్పుడు.
ఏ మ్యాపులోనూ లేని సొరంగం,
నా పిడికిలంత వెడల్పు.
ఎక్కణ్ణుంచి? ఎప్పట్నుంచి?
ఇలాంటివి ఇంకెన్ని?

లీడ్స్‌లో ప్రొఫెసర్ హిలరీ ఆక్‌రాయిడ్
గ్రాఫు చూసి చాలాసేపు మాట్లాడలేదు.
"ఇదెందుకో నీకు తెలీదు, అంతేనా?" అంది.
తెలీదన్నాను.
ఏ దరఖాస్తులోనూ నేను రాయని మాట అది.
ఆవిడ దానికే మూడున్నరేళ్ల జీతం ఇప్పించింది.

గొప్ప చెప్పుకోవడానికేం లేదు.
బూట్లు ఇప్పటికీ ఆరవు.
సగం రోజులు ఎక్సెల్ గళ్లతోనే.
జీతం గోదాము కన్నా కాస్త తక్కువే.
మార్చిలో క్లైవ్ రిటైరవుతూ
తన రబ్బరు పైపు ఇచ్చి వెళ్లాడు,
చివర పళ్ల గాట్లతో సహా.

తడి సరిగ్గా ఉంటే
పీటు ఏడాదికి ఒక్క మిల్లీమీటరు పెరుగుతుందట.
నా థీసిస్ పూర్తయ్యేసరికి ఈ కొండ పెరిగేది
నా గోరు ఒక నెలలో పెరిగినంత.

పదిహేడు దగ్గర మోకాళ్లమీద కూర్చుని ఊదుతున్నాను.
ఇవాళ బుడగ పన్నెండు దగ్గర పలికింది.
అంకె రాసి
పక్కన ప్రశ్నార్థకం నేనూ పెట్టాను.