వేలిముద్ర పడని చోట

ఊర్వశి బొటనవేలు మూడుసార్లు నొక్కింది.
మూడుసార్లూ ఎర్ర దీపమే.
పలాసలో పదకొండేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి అది,
గీతలన్నీ జీడిసొన తినేసింది.
"నాను నాను కాదంటంది సూడమ్మా ఈ డబ్బా"
అని నవ్వింది.
నేనూ నవ్వాను,
కాస్త ఆలస్యంగా.

బల్ల మీద ఒక చీటీ ఉంది.
దాలయ్యని పెద్దాసుపత్రికి పంపుతూ శనివారం నేను రాసింది.
నా సంతకం కింద ఎవరో ఎర్ర సిరాతో రాశారు:
వైద్యాధికారి సంతకం లేదు.
మనిషి చీటీతో పాటే తిరిగొచ్చాడు,
పోనూ రానూ ఆటో ఖర్చు వాడిదే.

కొమరపుట్టుగ సబ్ సెంటర్.
రెండు గదులు, బీరువా, తూకం,
మేమెవరం తాగని బోరు నీళ్ళు.
ఇక్కడ చావుకబురు వస్తే
ఎలా పోయాడని అడగరు,
ఎన్ని పాయింట్లుండేదట అని అడుగుతారు.
డాక్టరు గారు గురువారం వస్తారు.

ఈవేళ సోమవారం.
బయట బెంచీ మీద దాలయ్య.
కాలి మీద వేలు పెట్టి నొక్కాను.
నేను చెయ్యి కడుక్కుని వచ్చేదాకా
ఆ గుంట అలాగే ఉంది.
కాగితంలో నాలుగు పాయింట్ రెండు.
వాడి సంచిలో ఇంకా ఆ షుగరు మాత్రే.
ఆ కిడ్నీలకి ఆ మాత్ర పడదని నాకు తెలుసు.
తెలియడం నా ఉద్యోగంలో ఉంది,
ఆపడం లేదు.

ఫోన్ చేశాను.
సార్ జూమ్ మీటింగులో ఉన్నారట.

పంతొమ్మిదేళ్ళుగా ఇలాంటప్పుడు
నేను చేసేదొకటుంది.
చెయ్యాల్సింది చేసేసి, రిజిస్టర్లో రాస్తాను
"డాక్టరు గారి సలహా మేరకు."
ఎన్ని అర్ధరాత్రులు,
ఆయన పలాసలో నిద్రపోతుండగా
నా చేత సలహా ఇప్పించారో ఆయనకే తెలీదు.
గురువారం వచ్చి కొబ్బరినీళ్ళు తాగుతూ
నలభై మూడు సంతకాలు పెడతారు.
"మీరుండగా నాకేం బెంగ సిస్టర్" అంటారు.
మంచివారే. అదే నా బాధ.

నిజం రాయాలంటే ఇదీ రాయాలి:
రెండేళ్ళ కిందట తులసమ్మ మనవరాలికి జ్వరం.
మామూలుదే అనుకున్నాను, సిరప్ ఇచ్చాను.
మర్నాడు గురువారం కాబట్టి బతికింది.
ఆయన పొట్ట మీద చెయ్యి వేసి
కొబ్బరిబొండం పక్కన పెట్టేశారు,
"బండి ఏది?" అన్నారు.
ఆ రాత్రి నేను అన్నం తినలేదు.
నాకు తెలియనిది ఎంతో
నా చేతికి ఆనాడే తెలిసింది.
అందుకే ఆయన వద్దని ఎప్పుడూ అనను.
నా తప్పు నా పేరు మీద, నా ఒప్పు కూడా నా పేరు మీద
ఉండనివ్వమంటాను.

జిల్లా నుంచి ఫారం వచ్చింది.
నర్సులకు స్వయంగా మందు రాసే అధికారం ఇవ్వవచ్చునా?
అవును, కాదు. అభిప్రాయానికి ఒక గీత.
ఆ గీత పొడవు
దాలయ్య పేరుకే సరిపోతుంది.

ఊర్వశి ఇంకా వెళ్ళలేదు.
వేలు పడకపోతే కన్ను చూపించొచ్చని
ఆశా కార్యకర్త చెప్పింది.
రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకుని
డబ్బాలోకి చూసింది.
పచ్చ దీపం.
"ఓలమ్మ, ఇప్పుడు నానే!"

రిజిస్టరు తెరిచాను.
అలవాటు కొద్దీ "డాక్" దాకా వచ్చింది కలం.
కొట్టేశాను.
"మాత్ర ఆపింది: నీలవేణి. సోమవారం, పదీ నలభై.
డాక్టరు గారికి ఫోన్ చేశాను, దొరకలేదు."
అక్షరాలు నావేనా అన్నట్టు వంకరగా వచ్చాయి.

గుమ్మం దగ్గర దాలయ్య దగ్గాడు.
"ఇంతకీ రేపు ఆ మాత్తర ఎయ్యాలా, ఒద్దా అమ్మా?"

వద్దు, అన్నాను.