పూసల రేవు

నంపులాలో జీడిగింజల తూకం శనివారంతో ముగిసింది.
ఆదివారం లారీలకీ సెలవే, నాకూ సెలవే.
ఒక్క బండి మాత్రమే పట్టే వంతెన మీద
ఎదుటివాళ్ళకి దారిస్తూ, ఆగుతూ, కదులుతూ
మొజాంబిక్ దీవి చేరాను.

గొడుగు పట్టినా ఎండ పక్కనుంచి కొడుతోంది,
సున్నపు గోడల మీంచి.
పాత సుంకాల కచేరీకి తలుపులున్నాయి, కప్పు లేదు.
లోపల ఒక మేక
పన్ను ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు నన్ను చూసింది.

ఇంకాస్త నడిస్తే వీధి అంచు తెగిపోయింది.
కింద, నా పాదాల మట్టానికి, కొబ్బరాకు కప్పులు.
వంటల పొగ నా చెప్పుల దగ్గర పుడుతోంది.
"ఇంత పల్లంలో కట్టుకున్నారేం?"
"మేం దిగలేదు," అన్నాడు దారి చూపే అమాదే,
"మా నేలే పైకెళ్ళింది. అదిగో, ఆ మేడలు."

మధ్యాహ్నం ఆటువేళ
సముద్రం కోటగోడని వదిలి చాలా దూరం వెనక్కి నడిచింది.
బురదలో నడుములు వంచి ఆడవాళ్ళు.
ముఖాన ముసీరో పూత, చెక్క అరగదీసిన తెలుపు.
గంధం కాదు, కానీ
సాన మీద చెయ్యి తిరగడం అదే.

మువాజీజా తన రేకుడబ్బా నా ముందు బోర్లించింది.
పూసలు. ఎర్రవి, పసరురంగువి, కందిగింజంతవి.
ఎప్పుడో మునిగిన ఓడల్లోంచి
ఆటుకి నాలుగో ఐదో బయటపడతాయట.
ఎన్నాళ్ళవని అడిగాను.
డబ్బా వంక చూసుకుని చెప్పింది,
"ఈ పొద్దుటివి."

ధర చెప్పింది. అలవాటుకొద్దీ సగానికడిగాను.
ఆమె ఒక పూసని వేలికొసన పట్టి
నా మణికట్టు పక్కన పెట్టి, రంగు పోల్చి,
పొడుగ్గా ఏదో అంది. అమాదే పొట్టిగా చెప్పాడు.
"మీ వైపు సరుకేనట.
ఇక్కడ దించినప్పుడు
ఇలాగే బేరమాడారా అంటోంది."

దించి, ఏం ఎక్కించుకున్నారో
నేనడగలేదు, వాడు చెప్పలేదు.
రేవు మెట్లు మాత్రం నడిమధ్యన అరిగి ఉన్నాయి,
చెప్పుల్లేని కాళ్ళు చాలా దిగితే
రాయి అరిగేటట్టు.

అడిగినంతా ఇచ్చాను.
ఆమె చిల్లర లెక్కపెట్టి, పైసా మిగలకుండా
నా అరచేతిలో పెట్టింది.

తిరుగుదారిలో వంతెన నడుమ
ఎదురుగా చేపల లారీ.
జేబులో తడిమితే పూసా, మచ్చుకి తెచ్చుకున్న జీడిగింజా
రెండూ ఒకేసారి తగిలాయి.
రేపు పొద్దున్నే పన్నెండు టన్నులు.
కాటాముల్లు చూస్తూ గట్టిగా అంకెలు పలకాలి.

లారీవాడు కదల్లేదు.
ఈసారి దారివ్వాల్సింది మేమేనని
మా డ్రైవరు గేరు మార్చాడు.
బండి వెనక్కి, మెల్లగా,
మళ్ళీ దీవివైపు.