నాలుగో రీలు

పాకాల జంక్షన్లో దిగాల్సిన డబ్బా దిగలేదు.
పోర్టరు టీకి పోయినాడో, గార్డు తూగినాడో,
గుర్రం నడుమును మీటరు గేజి బండి
ధర్మవరం దిక్కు ఎత్తకపాయ.
మాకు తల వచ్చె, తోక వచ్చె.

డేరా టాకీసులో ఇసక మీద నీళ్లు చల్లే పని నాది.
కూలి లేదు, బొమ్మ ఉత్తపుణ్యానికి.
ఆ పొద్దు గాజుగుర్రం.
యాడిదో దొరల దేశపు పుస్తకం,
దాన్ని సినిమా చేస్తే
సినిమాకు మదరాసులో తెలుగు నోరు పెట్టినారు.
దొరబిడ్డ "అయ్యో నాయనా" అని ఊరకుండినా
పెదాలు ఇంకా ఏదో అంటానే ఉండె.

తమ్ముడి నవ్వును ఎవరో దొంగిలించినారు.
నీడల సంతలో దాన్ని వేలమేస్తాండారు.
ఆ పిల్ల గాజుగుర్రమెక్కి పాయ.
వంతెన కొసన గుర్రం ముందరికాలు ఎత్తె.
ఎత్తిన కాలు దించకముందే
తెర తెల్లబడె.

ఈలలు. చెనిక్కాయ పొట్టు గాల్లోకి.
షణ్ముగం మొదలారి చేతులు జోడించి వచ్చి
"అబ్బయ్యా, నాలుగోది రాలేదు,
అయిదోది ఏసేస్తా, నడాన మీరే అతుక్కోండి" అనె.

అప్పుడు లేచింది మెహరున్నిసా.
ఐసు ఫ్యాక్టరీ లెక్కలాయన కూతురు, తొమ్మిదో తరగతి,
బడి బీరువాలోని అట్ట ఊడిన ఆ పుస్తకాన్ని
ఎనిమిది తూర్లు చదివిన పిల్ల.
"నాకు తెలుసు" అనింది,
ఎవురితోనో కాదు, తన చెప్పులతో అన్నట్ల.

ఆపరేటరు దీపం ఆర్పలేదు.
తెర ముందర నిలబడితే దాని జడ నీడ
తాటిమానంత పడె.

"ఆ లోయ ఉండాదే,
కళ్యాణి డ్యాము నీళ్లన్నీ పోసినా అడుగు తడవదు.
సంత మన పీలేరు సంత మాదిరే,
ముసలోళ్ల నీడలు చవక,
చంటిబిడ్డల నీడలు ప్రియం.
తమ్ముడి నవ్వుకు పాట తొంభై దాటింది.
పిల్ల చేతిలో పైసా లేదు.
గుర్రం మెడ వంచి,
నాలోంచి ఒక పెంకు ఇరుచుకో మే, అనింది.
ఇరిచినప్పుడు సద్దు రాలేదు.
గుర్రానికి నొప్పి ఆడనే తెలిసిపోయింది."

డేరాలో దగ్గు కూడా లేదు.
బీడీలు వాటంతట అవే ఆరిపాయ.

అయిదో రీలు పడె.
గుర్రం మెడ కాడ చిన్న సొట్ట.
మూడొందలమందిమి
మా మెడలు తడుముకొంటిమి.

కడాకు సినిమాలో గుర్రానికి రెక్కలొచ్చె,
సొట్ట పూడిపాయ,
పాట పాడుకుంటా మబ్బుల్లోకి ఎగిరె.
జనం చప్పట్లు.
మెహరున్నిసా మటుకు కండ్లు తుడుచుకుంటా
"అబద్ధం" అనింది.
"పుస్తకంలో గడప కాడికొచ్చి పగిలిపోతుంది.
ఒక్క పెంకు జోబిలో ఏసుకుంటాది పిల్ల.
నవ్వు వచ్చినప్పుడల్లా తడుముకుంటాది."

మర్నాడు డబ్బా వచ్చె, ధర్మవరం దుమ్ముతో.
చూసినోళ్లే మళ్లా టిక్కెట్టు కొనిరి.
నాలుగో రీలు పదకొండు నిమిషాలు.
అందులో ఒక రాజు బురదలో జారిపడె,
గుర్రం మెడ తలుపుకు తగిలె.
అంతే.
"ఇది కాదప్పా!" అని నేలటిక్కెట్టు లేచె.
"ఆపండి! ఆ పిల్లను పిలవండి!"
ఆ పిల్లకు తెల్లారితే లెక్కల పరీక్ష.
రాలేదు.

ఆ వారం పాకాలలో
గుడ్డలుతికే ఆడోళ్ల వేళ్లన్నీ తెగె.
ఏ నిక్కరు జోబి తిరగేసినా
గోలీసోడా బుడ్డి పెంకు, ఆకుపచ్చది.
మాయమ్మ నెత్తురు చప్పరిస్తా
"ఏందిరా ఇది?" అనె.

గుర్రం, మా.