పంటి బిగువు

జాగ్రెబ్‌లో పద్నాలుగో నంబరు ట్రాము నడుపుతాను.
దవడ నొప్పి పళ్ళ డాక్టరుకి చెప్పాను.
పొత్తికడుపు కింది నొప్పి
మా ఆయన జ్వోనిమిర్‌కి కూడా చెప్పలేదు.
తొమ్మిదేళ్ళు
ఒకటి మేడ మీద, ఒకటి నేలమాళిగలో,
మొహమెరగని అద్దెవాళ్ళనుకున్నాను.

ఫిజియోథెరపిస్టు జ్దెంక చెంప మీద వేలానించి
"గుర్రంలా పెదాలు ఆడించు" అంది.
బుర్ర్‌ర్...
తనే ముందు నవ్వేసింది.
ఆ నవ్వుల్లో నాకు
ఎక్కడో అట్టడుగున ఒక ముడి జారింది.
ఇన్నాళ్ళూ ఎవర్ని పట్టుకుని ఎవరు వేలాడారో!

తగ్గిపోయిందనను.
రేపు మళ్ళీ సావా వంతెన,
చివరి స్టాపు దాకా ఆపుకున్న ఒంటేలు,
తాగుబోతుకి ఇవ్వని జవాబు.
పంటి బిగువున లాక్కురావడం పాత అలవాటు.

కాకపోతే, ఎర్రదీపం పడ్డప్పుడల్లా
పై పళ్ళకీ కింది పళ్ళకీ నడుమ
నాలుక కొస పట్టేంత తలుపు తీసి ఉంచుతున్నాను,
ఎవరో దిగాలన్నట్టు.